మంచులో పేలని తుపాకీ

ఇసావొ గొంతు గురించి కురొసవ పల్లెలో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. అతను తన కొట్టు ముందు నిలబడి తుమ్మితే, ఏటి అవతల చూరుకు కట్టిన ముల్లంగి దండలు ఊగుతాయట. కొంచెం కలిపి చెబుతారనుకోండి. అయినా నిప్పు లేనిదే పొగ రాదు. మొరియొషి కొండ మీద ఎలుగుబంటి వేట జోరుగా సాగిన రోజుల్లో, ఆ గొంతు మూడు లోయల అవతలికి వినిపించేదంటే నమ్మాల్సిందే.

ఆ కొండల్లో వేటంటే తుపాకులు భుజాన వేసుకుని మూకుమ్మడిగా ఎక్కడం కాదు. తుపాకీ పట్టినవాడు పైన గట్టు మీద చెట్టుకానుకుని తానూ చెట్టయిపోవాలి. దగ్గకూడదు, కదలకూడదు. అరుపుగాళ్ళు కింద లోయలోంచి అరుచుకుంటూ ఎక్కుతారు. బెదిరిన ఎలుగు ఎప్పుడూ పైకే పరుగెడుతుంది, నేరుగా గురిమనిషి ముందుకు. చేతికి అందేంత దగ్గరికి వచ్చాక ఒక్కటంటే ఒక్క తూటా. ఎలుగు పడగానే గురిమనిషి లేచి, అంతవరకూ దాచుకున్న గొంతంతా విప్పి "శోబు!" అని కేక పెడతాడు. వేట మనదయింది అని దానర్థం. ఆ కేక కోసం కింద అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉంటారు.

ఇసావొ అరుపుగాడు. కుర్రతనం నుంచి జుట్టు నెరిసేదాకా అరుపుగాడే. అతని గుంపుకు పెద్ద తకసెకి గెంకిచి. తుపాకీ ఆయన తాత కాలం నాటి మురాతా, ఒకసారికి ఒకే తూటా పట్టేది. ఆ తుపాకీని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని ఇసావొ పడని పాటు లేదు. అడిగినప్పుడల్లా గెంకిచి అదే మాట అనేవాడు.

"నీకు దేవుడు గొంతిచ్చాడురా ఇసా. నోరు మూసుకోవడం మాత్రం ఇవ్వలేదు. మూసుకోవడం రానివాడికి తుపాకీ ఇస్తే ఎలుగు పక్క ఊరు పోయి పెళ్ళి చేసుకుంటుంది."

గుంపంతా పగలబడి నవ్వేది. ఇసావొ కూడా నవ్వేవాడు, ఏం చేస్తాడు. కానీ ఆ నవ్వు లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. అసలు తుపాకీ దొరకనివాడు బొమ్మ తుపాకులు పట్టుకున్నాడు. తండ్రి నడిపిన గేలాల కొట్టులో సగం ఖాళీ చేసి, గ్యాసుతో ప్లాస్టిక్ గుండ్లు చిమ్మే బొమ్మ తుపాకులు పెట్టాడు. వాటి విడిభాగాలు మార్చి, కొయ్య చెక్కి, పాతకాలపు తుపాకుల్లా మలచడం నేర్చుకున్నాడు. సెందాయ్ నుంచి, టోక్యో నుంచి పెట్టెల్లో వస్తాయి ఇప్పటి తుపాకులు. తాతల నాటివై తిరిగి వెళతాయి.

అలాంటి కొట్టుకు, మొదటి మంచు పడిన వారంలో, గెంకిచి కూతురు సుమియె వచ్చింది. పల్లె బడిలో వంట చేస్తుంది. మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చేసి తండ్రిని చూసుకుంటోంది. చేతిలో తువ్వాలు చుట్టిన బారెడు వస్తువేదో ఉంది. బల్ల మీద పెట్టి విప్పింది. తుపాకీ కొయ్య. ఇనుము లేదు, ఉత్త చెక్క. మెడ దగ్గర నిలువునా పగులు, చెంప ఆనే చోట నున్నటి గుంట.

ఇసావొ చెయ్యి చాచబోయి ఆపుకున్నాడు. అది మురాతా కొయ్య. ఎప్పుడో పగిలితే గెంకిచి కొత్తది వేయించుకుని పాతది అటక మీద పడేశాడు.

"ఇసావొ అన్నా, దీనికి తుపాకీ కావాలి" అంది సుమియె. "బొమ్మదే. కానీ నాన్న పట్టుకుంటే బొమ్మ అనిపించకూడదు."

సంగతి పల్లెలో అందరికీ తెలిసిందే. వేసవిలో తుపాకీ అనుమతి కొత్తగా రాయించుకోవడానికి వెళితే, ముసలివాళ్ళకు పెట్టే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. గడియారం బొమ్మ గీయమన్నారు. గెంకిచి గుండ్రం గీసి, అంకెలన్నీ ఒకే పక్క పేర్చి, ఎలుగు పంజా గీసినట్టు గీసి వచ్చాడు. తుపాకీ తీసేసుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయనకు తుపాకీ ఇచ్చేసిన సంగతే గుర్తుండదు. పొద్దున్నే లేచి ఇనప బీరువా తెరుస్తాడు, ఖాళీ. దొంగలెత్తుకుపోయారని కొండ మీదికి వెతకబోతాడు. కిందటి వారం చీకటి పడే వేళకు ఏటి ఒడ్డున దొరికాడు. బూట్లు లేవు, కాళ్ళు నీలంగా అయిపోయాయి.

"ఈసారి దొరకడన్నా" అంది సుమియె. "గడియ పెడితే కిటికీ దూకుతాడు. ఆసుపత్రిలో పెట్టమంటున్నారు. నాన్నని నాలుగ్గోడల మధ్య పెట్టడమంటే చేపని తీసి గట్టున పెట్టినట్టే. బీరువాలో తుపాకీ ఉంటే చాలు, పొద్దున చూసుకుని తృప్తిగా వచ్చి గంజి తాగుతాడు."

"తుపాకీ ఉంటే వేటకి పోతేనో?"

"అందుకే నీ దగ్గరికొచ్చా. అది నువ్వే ఆలోచించు."

చూశారా, ఎంత తేలిగ్గా అనేసిందో! అసలుదని నమ్మేంత బాగుండాలి, నమ్మి ఎలుగు ముందు నిలబడేంత బాగుండకూడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పని ఒప్పుకోకూడదనుకున్నాడు ఇసావొ. కానీ ఆ చెంప గుంట మీద వేలు పెట్టాక ఒప్పుకోకుండా ఉండలేకపోయాడు.

ఆ కొయ్యలో ఇమిడేవి కొట్టులో మూడున్నాయి. మూడింటినీ తలుపు బయట మంచులో పాతిపెట్టి, సుమియెకు టీ పోసి, తానూ తాగాడు. బొమ్మ తుపాకీ గుణం పొయ్యి పక్కన తెలియదు. దాని ప్రాణం గ్యాసు, గ్యాసు ప్రాణం వేడి. చలి తగిలితే బిగదీసుకుపోతుంది. టీ అయ్యాక ఒక్కొక్కటే తీసి, కొట్టు వెనక బియ్యం బస్తాలోకి పేల్చాడు.

మొదటిది బ్యాటరీది. ట్రిగ్గర్ నొక్కితే గిర్రుమంది.

"ఇది తుపాకీయా పిండిమరా? నాన్న దీంతో సోయా గింజలు రుబ్బుతాడు" అంది సుమియె.

రెండోది సోడా గ్యాసు బుడ్డి వేసేది. మంచులోంచి తీసినా ఢామ్మంది. భుజం మీద తన్నింది, చూరు మీది మంచు జారి కింద పడింది. ఇసావొ కళ్ళు మెరిశాయి. ముప్పై ఏళ్ళ పనితనంలో అంత నిజమైన దెబ్బ వినలేదు. చట్టం గీసిన గీత లోపలే ఉంటుంది దాని బలం, కొలిచి చూసుకున్నాడు. గుండు కాగితాన్ని చింపుతుంది, ఎలుగు వెంట్రుకను కూడా కదపదు. చప్పుడు మాత్రం కొండలు మోగేలా ఉంది.

మూడోది మామూలు గ్యాసుది. బోల్టు లాగి, ఇత్తడి తూటా ఒకటే పెట్టి పేల్చాలి, అచ్చం మురాతాలాగే. మంచులోంచి తీసి నొక్కితే "ఉస్స్" మంది. గుండు గొట్టంలోంచి జారి వాళ్ళ కాళ్ళ దగ్గరే పడింది. అదే తుపాకీని పొయ్యి దగ్గర కాసేపు ఉంచి నొక్కితే ధడేలుమంది.

"రెండోదే" అంది సుమియె వెంటనే. "నాన్న చెవులు చూశావుగా, గడ్డి కింద ఎలుక నడిచినా వింటాడు."

ఇసావొ మనసు కూడా దాని మీదే ఉంది. పనివాడికి నలుగురూ తన పని మెచ్చుకోవాలనే ఉంటుంది కదా. అయినా తల అడ్డంగా ఊపాడు.

"కాదమ్మా. మూడోది. ఇంట్లో పొయ్యి పక్కన పేలుతుంది, నమ్ముతాడు. బయట మంచులో పెరట్లో ఓసారి పేల్చి చూసుకుంటాడుగా, అప్పుడు ఉస్సంటుంది. మందు చెమ్మగిల్లిందిరా అని తిట్టుకుని లోపలికొస్తాడు. పేలని తుపాకీతో ఏ వేటగాడూ కొండెక్కడు. దీని చేతగానితనమే మనకి కాపలా."

సుమియె ఆ తుపాకీని చేతిలోకి తీసుకుని, "నువ్వు బాగా ఆలోచించావన్నా" అంది. ఇసావొకు ఆ మాట తీపిగా తగిలింది. ఆ తీపి ఎంత చేటు చేస్తుందో అప్పుడు తెలియలేదు.

చలికాలమంతా దాని మీదే కూర్చున్నాడు. పగులులో లక్క నింపాడు. బరువు సరిపోవడానికి కొయ్య కడుపులో సీసం పోశాడు. గ్యాసు తిత్తిని చెంప గుంట కిందే దాచాడు. కామెల్లియా గింజల నూనెలో మసి కలిపి రుద్ది, పొగ పట్టించాడు. తీసుకెళ్ళి చేతిలో పెడితే గెంకిచి అటూ ఇటూ తిప్పి చూశాడు. చెంప ఆనించాడు. బోల్టు తీశాడు, వేశాడు. ఇసావొ పొయ్యి దగ్గరే తూటా పెట్టి బియ్యం బస్తాలోకి ధడేల్మనిపించి చూపించాడు. గెంకిచి తలాడించి, తుపాకీ తీసుకుని బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

"దొంగలంజాకొడుకులు చివరికి తెచ్చి పెట్టారన్నమాట" అన్నాడు. గంజిలోకి పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ వేసుకుని మరో గిన్నె అడిగి తాగాడు.

అప్పటినుంచి ఆయన కొండ ఊసెత్తలేదు. సుమియె ముఖంలో నిద్ర కనబడింది. తండ్రి స్నానానికి దిగినప్పుడు తాళంచెవి తీసి తుపాకీలో గ్యాసు నింపుతూ వచ్చింది. బడిలో పిల్లలకు వడ్డిస్తూ పాటలు కూనిరాగం తీస్తోందని ఊరంతా చెప్పుకున్నారు.

మంచు గట్టిపడి, ఎలుగులు గుహలు వదిలే రోజులు దగ్గరపడ్డాక, ఇసావొ ఒకసారి సాకే సారా సీసా పట్టుకుని వెళ్ళాడు. మాటల్లో అడిగాడు.

"పెరట్లో పేల్చి చూశారా పెద్దాయనా? ఎలా ఉంది?"

గెంకిచి అతని వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఎలుగు లేకుండా పేల్చడమేంట్రా? తూటాలంటే పండక్కి దయ్యాల మీద విసిరే వేపుడు గింజలనుకున్నావా? మా ఇంటావంటా ఉందా ఆ అలవాటు?"

ఇసావొ గిన్నె కింద పెట్టేశాడు. నిజమే! ఒక్క తూటా వృథా చేయని మనిషి. ముప్పై ఏళ్ళు ఆయన వెంట తిరిగి, ఉత్తినే పేల్చగా ఒక్కసారైనా చూశాడా? తన కొట్టుకొచ్చే వేడుకరాయుళ్ళ అలవాటును తీసుకొచ్చి ఈయనకు అంటగట్టాడు. ఆ ఉస్సు ఈయన చెవిన పడేది ఒకే ఒక్కచోట, ఎలుగు ముందు.

ఆ రోజే సుమియెకు చెప్పాల్సింది. గ్యాసు నింపకు, బోల్టు విరగ్గొడతాను అనాల్సింది. వాకిట్లో ఆమె బట్టలు ఆరేస్తూ, చాలా రోజులకు బుగ్గలు నిండి, "అన్నా, నువ్వు మా ఇంట దీపం పెట్టావు" అంది. ఇసావొ నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నోరు విప్పాల్సిన చోటే ఊరుకున్నాడు. చెప్పాల్సింది చెప్పకపోవడం కూడా ఒక రకం పిరికితనమే.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున, ఊరి మైకులో ఎలుగు తిరుగుతోంది జాగ్రత్త అని చెబుతుండగా ఫోను మోగింది.

"నాన్న లేడన్నా!" సుమియె గొంతు కీచుగా ఉంది. "బీరువా తెరిచుంది. తుపాకీ లేదు. గూట్లో చేప కూడా లేదు."

 తుపాకీ లేకపోవడం కంటే చేప లేకపోవడమే ఇసావొను ఎక్కువ భయపెట్టింది. కొండదేవత అందగత్తె కాదు, పైగా అసూయ. తనకంటే వికారమైన ముఖం చూపిస్తే పొంగిపోయి వేట ఇస్తుందని వేటగాళ్ళు ఆ ఎండిన ముళ్ళ చేపను రొమ్ములో దోపుకుని వెళతారు. వెతకబోయినవాడు చేపను తీసుకెళ్ళడు. గెంకిచి వేటకే వెళ్ళాడు.

"వేటసంఘం వాళ్ళకి చెప్పావా?"

"చెప్పా. అవతలి లోయలో ఉన్నారంట, వచ్చేసరికి ఆలస్యమవుతుందంట. అన్నా, ఆ తుపాకీ..."

"నేను పోతున్నా" అని ఫోను పెట్టేశాడు. 

మంచు బూట్లు కట్టుకుని, ఎలుగు కళ్ళలో కారం చిమ్మే డబ్బా నడుముకు తగిలించుకుని ఎక్కాడు. అడుగుజాడ చక్కగా కనబడుతోంది. ఎక్కడా తడబాటు లేదు. గడియారం గీయలేని మనిషి, కొండ మీద మాత్రం ఏ చెట్టు పక్కనుంచి మలుపు తిరగాలో ఒక్కటీ మరిచిపోలేదు. ఎక్కడికి వెళ్ళాడో జాడ చూడక్కర్లేకుండానే ఇసావొకు తెలుసు. గట్టు మీద వంగిన బూరుగ లాంటి పెద్ద బీచ్ చెట్టు, అదే ఆయన చోటు.

లోయ మలుపు తిరిగి తలెత్తాడు. చెట్టు మొదట్లో గెంకిచి కూర్చున్నాడు. మోకాలి మీద తుపాకీ. కదలిక లేదు. బతికున్నాడన్న సంతోషం గుండెలో నిండకముందే, ఇద్దరి మధ్య వాలులో నల్లగా ఏదో కదిలింది.

ఎలుగు. గుహలోంచి అప్పుడే వచ్చినట్టుంది, డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి. మంచు కరిగిన చోట మొలకలు పీకి తింటోంది. ఆకలి మీదున్న ఎలుగు.

ఇసావొ నోరు దానంతటదే తెరుచుకుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. గొంతులోంచి "హోరియా" అని కేక పొంగుకొస్తుంటే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అరిస్తే పైకే పరుగెడుతుంది. పైన ఉన్నది గెంకిచి. గెంకిచి చేతిలో ఉన్నది తాను చేసిన బొమ్మ. కారం చిమ్ముదామంటే దూరం ఎక్కువ, పైగా గాలి పైనుంచి తన ముఖం మీదికే వీస్తోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే.

అప్పుడు గెంకిచి అతన్ని చూశాడు. చూసి, ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి కింది నుంచి పైకి విసిరాడు. అరవమని సైగ. ఆ సైగకు జీవితంలో ఒక్కసారి కూడా ఇసావొ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు తల అడ్డంగా ఊపాడు. గెంకిచి చెయ్యి మళ్ళీ లేచింది, ఈసారి కోపంగా. అరవరా వెధవా అని ఆ చెయ్యే తిడుతోంది. ఇసావొ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోటి మీద చేతులు తియ్యలేదు.

పక్కగా చుట్టు తిరిగి పైకి వెళ్ళి, ఆయన పక్కన నిలబడి అరవాలి. అదొక్కటే దారి. ఎలుగు తల వంచినప్పుడల్లా ఒక అడుగు వేశాడు. తల ఎత్తితే బిగుసుకుపోయాడు. ఎలుగులు తప్పుకోవాలని సంచికి ఎప్పుడూ కట్టుకునే గంట చప్పుడు చేయకుండా పిడికిట్లో బిగించాడు. సగం దూరం అలా పాక్కుంటూ వెళ్ళాడు. అక్కడ గట్టి మంచు ఫెళ్ళున విరిగి తొడ దాకా దిగబడ్డాడు. పిడికిలి విడిపోయి గంట గణగణలాడింది.

ఎలుగు గిర్రున తిరిగింది. ఇసావొను చూసింది. చూసి, ఏ ఎలుగైనా చేసే పనే చేసింది. పైకి పరుగెత్తింది.

ఇసావొ కాలు పీక్కోలేకపోయాడు. చూడడం తప్ప చేయగలిగింది లేదు. ఎలుగు వాలంతా ఒక్క ఊపున ఎక్కుతోంది. గెంకిచి తుపాకీ ఎత్తాడు, చెంప గుంటలో చెంప ఆనించాడు. పేల్చలేదు. ఎలుగు చెట్టును సమీపించింది. పేల్చలేదు. దాని ఊపిరి ఆవిరి ఆయన ముఖానికి తగిలేంత దగ్గరికి రానిచ్చాడు. "అమ్మా కొండతల్లీ, నా పనితనం నాకొద్దు, ఆయన్ని వదిలెయ్" అని ఇసావొ లోపల్లోపలే మొక్కుకున్నాడు.

"ఉస్స్."

అంతే చప్పుడు. తెల్లటి గుండు ఎలుగు ముట్టె దాకా కూడా పోలేదు, మంచులో పడింది.

ఎలుగు ఆగింది. అంతవరకూ చెట్టులో భాగమని ఆ ఎలుగు అనుకున్న ఆకారం ఒక్కసారిగా నిటారుగా లేచింది. లేచి, రెండు చేతులూ పైకెత్తి, ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న గొంతంతా విప్పింది.

"శోబు! శోబు! శోబూ!"

కొండ దద్దరిల్లింది. ఆయన తూటా పేల్చాడు, ఆయన తూటా ఎప్పుడూ తప్పలేదు, కాబట్టి ఎలుగు పడిపోయింది. ఆయన లెక్క అది. ముఖం మీదే బద్దలైన ఆ కేకకు ఎలుగు వెనక్కి కూలబడి, పక్కకు దొర్లి, గట్టు దాటి అవతలి లోయలోకి పడుతూ లేస్తూ పారిపోయింది.

అప్పుడు అరిచాడు ఇసావొ. గురిమనిషి కేకకు కింద నుంచి అరుపుగాడు బదులివ్వాలి. "హోయ్! హోయ్!" అని ఏడుస్తూ అరిచాడు. ఆ గొంతు పల్లె దాకా వినబడిందని, వాకిట్లో నిలబడ్డ సుమియె విని కూలబడిపోయిందని తర్వాత చెప్పుకున్నారు.

కాలు పీక్కుని పైకి చేరేసరికి గెంకిచి మంచు వంక వెతుక్కుంటున్నాడు.

"ఏదిరా?"

"అవతలి లోయలో పడింది పెద్దాయనా. బాగా లోతు. తెచ్చుకోలేం."

"పోనీలే. కొండతల్లి వాటా అనుకుందాం." రొమ్ములోంచి ఎండిన చేప తీసి, కొండ శిఖరానికి ఓసారి చూపించి, మళ్ళీ దోపుకున్నాడు. తుపాకీని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. "చప్పుడు చిన్నదైందేం?"

"మంచు తాగేసిందండి."

"ఊఁ." ఆ కళ్ళు ఇసావొ మీద నిలిచాయి. "చెయ్యెత్తితే అరవలేదేంరా?"

 ఇసావొ నిజం చెప్పలేడు. మరో అబద్ధం ఆడలేడు. వంగి బూటులో చేరిన మంచు దులుపుకున్నాడు.  గెంకిచి ముసలి ముఖంలో కోపం మెల్లగా కరిగింది.

"అది గాలి పసిగడుతోందని చూశావు. అరిస్తే పక్కకి తప్పుకునేది. నేను గమనించలేదు, నువ్వు గమనించావు. పెద్దవాడు సైగ చేసినా లొంగలేదు." తుపాకీ మీది మంచు తుడిచాడు. "అరుపుగాడు అరుస్తాడు. నోరు మూసుకునేవాడు గురిమనిషి."

ఆ మాటంటూ తుపాకీని రెండు చేతుల మీద అడ్డంగా పెట్టి ముందుకు చాచాడు.

"మా నాన్న తన ఆఖరి ఎలుగుని పడేసి, ఈ చెట్టు కిందే నా చేతిలో పెట్టాడు. నాదీ అయిపోయింది. నాకు కొడుకుల్లేరు. పట్టుకో ఇసా."

కొయ్య తాను చెక్కిందే. సీసం తాను పోసిందే. చెంప గుంట కింద దాచిన గ్యాసు తిత్తిలో ఇంకా కొంచెం గాలి మిగిలి సన్నగా కారుతోంది, అది అతని చెవికి వినబడుతోంది. బొమ్మ. అది బొమ్మ అని ఆ కొండ మీద తెలిసినవాడు తానొక్కడే. ఇసావొ మంచులో మోకరిల్లాడు. నుదురు నేలకు తగిలేలా వంగి, రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

వేటసంఘం వాళ్ళతో కలిసి సుమియె ఎదురొచ్చింది. తండ్రి ఖాళీ చేతులు చూసింది, ఇసావొ భుజం మీది తుపాకీ చూసింది.  తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఆకలేస్తోందే" అన్నాడాయన.

మర్నాడు పొద్దున గెంకిచి లేచి బీరువా వైపు కూడా చూడకుండా పొయ్యి దగ్గర కూర్చున్నాడట. ఆ మర్నాడూ అంతే. సుమియె బీరువాలో ఇప్పుడు ఊరగాయ జాడీలు పెట్టుకుంటోంది.

ఆ తుపాకీ ఇసావొ కొట్టులో గల్లాపెట్టె వెనక గోడకు ఉంది. దాన్ని చూడగానే బేరగాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. లోపల ఏ గ్యాసు వేశారు, కొయ్య ఎక్కడ దొరికింది, ఎంతకిస్తారు అని తెగ అడుగుతారు. మిగతా ఏ తుపాకీ గురించి అడిగినా టీ చల్లారిపోయేదాకా చెబుతాడు ఇసావొ. దీని గురించి అడిగితే మాత్రం నోరు మూసుకుంటాడు.